పగలు ఆడిన నాటకం

మా నాయన బోర్డులు రాసేవాడు. ఫీజీ దీవుల్లో మా నమాకా రోడ్డులో బట్టల దుకాణం, సైకిల్ రిపేరు షాపు, మంగలి షాపు, ట్యాక్సీ స్టాండు, అన్నిటి మీదా ఆయన అక్షరాలే. ఇంగ్లీషు, నాగరి లిపులు ఆయనకు కొట్టిన పిండి. తెలుగు మాత్రం చదవడం రాదు. మాట్లాడేవాడు. పద్యం ఎత్తుకుంటే నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. "మా అయ్య చెరకు కూలికి గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర ఏసి ఓడ ఎక్కినప్పుడు నోట్లో తెలుగే వచ్చింది బిడ్డా, పలక మీద తెలుగు రాలా" అనేవాడు. ఈ నాలుగు ముక్కలు నేనిప్పుడు తెలుగులో రాయగలుగుతున్నానంటే, పెద్దదాన్నయ్యాక లౌటోకా పట్టణంలో మా తెలుగు సంఘంవాళ్ళు నడిపిన శనివారం తరగతుల పుణ్యమే.

బోర్డులు మాకు తిండి పెట్టాయి. ఆయన మనసు మాత్రం తెరల మీద ఉండేది. సబేటో లోయలో చెరకు రైతులు కొందరు కలిసి ఒక నాటకాల జట్టు నడిపేవారు. ఏటా గుడి ఉత్సవాలప్పుడు పొద్దుగూకాక మొదలుపెడితే తెల్లారేదాకా ఆడేవారు. రాజులు, రాక్షసులు, వనవాసాలు, యుద్ధాలు. పద్యాలు తెలుగులో ఉండేవి. ఆ తెలుగు వినేవాళ్ళలో సగం మందికి అర్థమయ్యేది కాదు. పాడేవాళ్ళలో కూడా కొందరికి కాదు. అందుకని ఘట్టానికీ ఘట్టానికీ మధ్య బఫూన్ వచ్చి ఫీజీ హిందీలో కథ చెప్పి, నవ్వించి పోయేవాడు. రాజుగారి కష్టాలతో పాటు చక్కెర మిల్లు తూకాల సంగతీ, బస్సుల సంగతీ, ఓట్లప్పుడు తప్ప మొహం చూపించని పెద్దమనుషుల సంగతీ చెప్పేవాడు. మర్నాడు చెరకు తోటల్లో జనం తలుచుకుని నవ్వేది రాజు పద్యాలను కాదు, బఫూన్ మాటల్నే.

ఆ నాటకాలకు తెరలన్నీ నాయనే వేసేవాడు. పిండి సంచులు విప్పి, ఉడకబెట్టి ఉతికి, అమ్మ వాటిని కలిపి కుట్టేది. వరండా పొడవునా ఆ గుడ్డ పరిచి, దాని మీద దర్బారు, అడవి, యుద్ధభూమి గీసేవాడు. ఆయన అడవిలో మర్రిచెట్లు, పులులు ఉండేవి కావు. ఆయన పులిని ఎప్పుడూ చూడలేదు. బ్రెడ్‌ఫ్రూట్ చెట్లు, కొబ్బరిచెట్లు, ఒక మూల ముంగిస. చెరకు తోటల్లో ఎలుకల్ని పట్టడానికి తెల్లవాళ్ళు తెచ్చి వదిలిన ముంగిసలు మా దగ్గర ఎక్కడ చూసినా ఉంటాయి. అరణ్యవాసం వెళ్ళిన రాణి పాదాల దగ్గర ఆ ముంగిస కూర్చుని చూస్తూ ఉండేది.

ఫీజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నేను హైస్కూల్లో ఉన్నాను. రాజధాని సువాలో ఇంగ్లండు జెండా దించి కొత్త జెండా ఎగరేసిన సంగతి రేడియోలో విన్నాం. ఊళ్ళో ప్రతి దుకాణదారుడికీ బోర్డు కొత్తగా కావాలనిపించింది. నాయనకు తిండికి కూడా తీరిక లేదు. ఆ సందడిలోనే దర్బారు తెరను మళ్ళీ రంగులు వేసి, కోట బురుజు మీద లేత నీలం జెండా ఒకటి పెట్టాడు. నాటకం నేర్పే మాస్టరు సబేటోలో చెరకు రైతు. వేల పద్యాలు నోటికి వచ్చిన మనిషి. తెర చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"పురాణంలో మన జెండా ఏందయ్యా? జనం నవ్వుతారు."

"కోట అంటే జెండా ఉండాల గదా మాస్టర్. ఇన్నాళ్ళు ఎవురి జెండానో తెలీక ఊరికే ఎర్ర గుడ్డ గీసినా. ఇప్పుడు మనకు ఒకటి వచ్చె."

ఆ తెర లేచినప్పుడు జనం నవ్వలేదు. ఈలలు వేశారు. బఫూన్ వచ్చి జెండాకు సెల్యూట్ కొట్టి, రాజు వైపు తిరిగి, "మహారాజా, ఇకనుంచి తప్పంతా మనదేనా? తిట్టడానికి ఇంకెవరూ లేరా?" అన్నాడు. బొమ్మ, పాట, మాట అనేవి ఊరి సంగతుల్ని తమలోకి లాక్కుంటాయని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే. అప్పుడు దాన్ని ఇలా చెప్పుకోవడం రాదు. మా నాయన పురాణాన్ని మా ఊరికి తీసుకొచ్చాడని మాత్రం అనిపించింది.

నేను టీచర్ ట్రైనింగ్ అయ్యి నమాకా దగ్గర ప్రైమరీ స్కూల్లో చేరిన తర్వాత మాట ఇది. మా పక్కింట్లో ఒక ఫీజియన్ కుటుంబం, అంటే ఈ దీవుల మూలవాసులు, ఉండేది. ఆయన సైన్యంలో సార్జెంట్. మా ఇంట్లో అందరూ ఆయన్ని సార్జెంట్ అనే పిలిచేవారు. నేను కాకా అనేదాన్ని. మాలాగే ఫీజీ హిందీ మాట్లాడేవాడు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో లెబనాన్ వెళ్ళి, అక్కడ చాలాకాలం ఉండి తిరిగొచ్చాడు. వెళ్ళకముందు గలగల మాట్లాడే మనిషి, వచ్చాక సాయంత్రాలు మా వరండాలో కూర్చుని యంగోనా వేరు కలిపిన నీళ్ళు కొబ్బరి చిప్పతో తాగుతూ, నాయన బొమ్మలు వేయడం చూస్తూ ఉండిపోయేవాడు.

ఆ ఏడు తుఫానులో యుద్ధభూమి తెర పాడైపోయింది. నాయన కొత్తది మొదలుపెట్టాడు. విరిగిన రథాలు, ఏనుగులు, కిరీటాలతో దొర్లుతున్న తలలు. సార్జెంట్ చాలాసేపు చూశాడు.

"భయ్యా, లడాయి ఇట్లా ఉండదు" అన్నాడు.

నాయన కుంచె ఆపాడు. "మరి ఎట్ట ఉంటాది?"

"ఏనుగులు లేవు. శవాలు కూడా ఎప్పుడూ ఉండవు, తీసేస్తారు. ఇల్లు ఉంటుంది. ఇంటికి గోడ ఉండదు. రోడ్డు మీద నిలబడితే వంటగది కనిపిస్తుంది. లోపల అలమారలో ప్లేట్లు ఉంటాయి, ఒక్కటీ పగలదు. పొయ్యి మీద గిన్నె ఉంటుంది. వండిన మనిషి ఉండదు." కొబ్బరి చిప్ప కింద పెట్టాడు. "ఒకరోజు నేను లోపలికి వెళ్ళి ఆ గిన్నె మీద మూత పెట్టి వచ్చాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు."

మర్నాడు నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఏనుగుల మీద బూడిదరంగు పూసేసి ఉంది. వారం తిరిగేసరికి ఆ తెర మీద గోడ పడిపోయిన ఇల్లు, లోపల వంటగది, అలమారలో ప్లేట్లు, పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె వచ్చాయి. దూరంగా విరిగిన రథచక్రం ఒక్కటి మిగిల్చాడు, మాస్టరు మాట కోసం.

మాస్టరు ఈసారి నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. "యుద్ధభూమిలో వంటిల్లా!" అని తిరిగిపోయాడు. తీరా ఆట రోజున, రాణి వేషం వేసిన టైలర్ ఆ తెర ముందు చనిపోయిన కొడుకును వెతుక్కుంటూ పద్యం పాడుతుంటే, ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ పద్యం వాళ్ళకు అర్థం కాలేదు. గిన్నె అర్థమైంది. మాస్టరు ఆ తర్వాత ఆ తెరకు వంక పెట్టలేదు. ప్రతి ఏడూ అదే కావాలనేవాడు.

ఇలా ఉండగా మా భారతీయుల ఓట్లతో గెలిచిన ప్రభుత్వాన్ని, ఈ నేల ఫీజియన్లదే అంటూ, సైన్యం కూలదోసింది. స్కూల్లో ఉండగానే కబురు తెలిసింది. హెడ్మాస్టరు పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు. తర్వాత నెలల్లో జరిగినవన్నీ ఇక్కడ రాయను, చాలామంది రాశారు. మా వీధిలో నేను చూసింది మాత్రం చెబుతాను. నమాకా నుంచి విమానాశ్రయం దగ్గర. మా ఇంటి ముందు నుంచే కార్లు పోయేవి, పైన సూట్‌కేసులు కట్టుకుని. ఏడ్చే ముసలివాళ్ళు, ఏమీ అర్థంకాని పిల్లలు. బఫూన్ వేషం కట్టే ట్యాక్సీ డ్రైవర్ కూడా కుటుంబంతో ఆక్లండ్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు తన టోపీ తెచ్చి నాయన చేతిలో పెట్టాడు.

సార్జెంట్ మళ్ళీ యూనిఫాం వేసుకున్నాడు. సబేటో మలుపు దగ్గర రోడ్డు మీద డ్రమ్ములు పెట్టి బస్సులు ఆపి తనిఖీ చేసే చోట ఆయనకు డ్యూటీ. మా వరండాకు రావడం మానేశాడు. ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. కంచె దగ్గర ఎదురుపడితే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు, అంతే. ఆయన భార్య మాత్రం పనసకాయలు కాసినప్పుడు కంచె మీద పెట్టి వెళ్ళేది. అమ్మ ఊరగాయ సీసా పెట్టేది.

ఆ ఏడు నాటకం లేదు. మరుసటి ఏడు ఉత్సవాలు దగ్గరపడుతుండగా మాస్టరు మా ఇంటికి వచ్చాడు. నాయన, అమ్మ, నేను ఆయన చుట్టూ కూర్చున్నాం.

"ఈసారి కూడా వద్దనుకుంటుండాం" అన్నాడు. "రాత్రి పూట గుంపు కూడితే ఒప్పుకోరు. ఆదివారం చర్చి తప్ప ఇంకేమీ చేయకూడదంట. బఫూన్ లేడు. ఎందుకులే."

నాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "రాత్రి ఒప్పుకోకపోతే పగలు ఆడదాం."

"పగలా? పగలు నాటకం ఎవురాడతారయ్యా?"

"మనం ఆడదాం. శనివారం."

"తెరలు పగలు చూస్తే తిరునాళ్ళ బొమ్మల మాదిరి ఉంటాయి."

"తెరల సంగతి నాకు ఇడిసిపెట్టు."

నాటకానికి పోలీసు అనుమతి కావాలి. ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడగలిగేది నేను కాబట్టి మాస్టరు నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్ళాడు. అక్కడి ఆఫీసరు ఫీజియన్, మర్యాదస్తుడు. కుర్చీలు చూపించాడు.

"కథ ఏమిటి?" అన్నాడు.

"ఒక రాజు ఉంటాడు సార్. దాయాదులు ఆయన రాజ్యం లాక్కుంటారు. ఆయన అడవికి పోతాడు."

మాస్టరు బల్ల కింద నా కాలు తొక్కాడు. ఆఫీసరు పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఇది ఎప్పుడు రాశారు?"

"మా తాతల తాతలకు ముందు సార్. నిన్నా మొన్నా కాదు."

"చివరికి ఏమవుతుంది?"

"యుద్ధం జరుగుతుంది. రాజ్యం తిరిగి వస్తుంది. కానీ అప్పటికి ఎవరికీ దాని మీద సంతోషం ఉండదు."

ఆయన మళ్ళీ పెన్ను తీసుకున్నాడు. "మా ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పే కథలూ ఇలాగే అవుతాయి" అన్నాడు. పొద్దున మొదలుపెట్టి చీకటిపడేలోపు ముగించాలని, రాజకీయాలు మాట్లాడకూడదని చెప్పి సంతకం పెట్టాడు. మేం లేవబోతుంటే, "మీ నాటకాల్లో ఒక బఫూన్ ఉంటాడు కదా?" అని అడిగాడు.

"ఉంటాడు సార్."

"అతన్ని జాగ్రత్తగా ఉండమనండి."

బస్సులో వస్తూ మాస్టరు తల పట్టుకున్నాడు. "లేని బఫూన్‌కు జాగ్రత్త ఏంది?"

"నేను వేస్తా మాస్టర్" అన్నాను. ఎప్పటినుంచో అనుకుంటున్న మాట కాదు. నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఆడమనిషి బఫూనా?"

"ఆడవేషాలు మగవాళ్ళు వేయట్లేదా?"

"అది వేరే."

"ఏం వేరే?"

బస్సు రెండు స్టాపులు దాటింది. మాస్టరు ఆలోచించి ఆలోచించి, "మీసం ఎట్ట మరి?" అన్నాడు.

"మీసం లేకుండానే."

ఇంట్లో అమ్మకు నచ్చలేదు. "టీచరమ్మ స్టేజీ మీద గంతులేస్తే రేపు బళ్ళో పిల్లకాయలు మాట ఇంటారా?" అంది. పెళ్ళయ్యాక మాతోనే ఉంటూ విమానాశ్రయంలో మెకానిక్‌గా పనిచేసే నా భర్త మాత్రం తాపీగా, "పిల్లలు ఇప్పుడు వింటున్నారా ఏంటి?" అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతో నా వేషం ఖాయమైంది. ఆక్లండ్ వెళ్ళినాయన టోపీ నాకు పెద్దదైతే లోపల గుడ్డ పెట్టి కుట్టింది కూడా ఆవిడే.

నాయన తెరలన్నీ వరండాలోంచి ఎండలోకి తెచ్చి పరిచాడు. లాంతర్ల వెలుగుకు వేసిన రంగులు అవి. రాత్రి బంగారంలా మెరిసిన పసుపు ఎండలో పచ్చకామెర్లలా ఉంది. రోజూ బోర్డుల పని అయ్యాక కూర్చుని రంగులు తగ్గించుకుంటూ పోయాడు. అంతకుముందు చీకట్లో కనబడవని వదిలేసిన చిన్న చిన్న సంగతులు ఇప్పుడు వేయాల్సి వచ్చింది: ఆకుల ఈనెలు, గడప మీద చెప్పులు, ప్లేటు అంచున పువ్వులు. "రాత్రి మోసం చేయొచ్చు బిడ్డా, పగలు కుదరదు" అని గొణుక్కునేవాడు. ఆ పనిలో ఆయన మొహం ఎన్నాళ్ళకో తేటపడింది.

ఆటకు ముందురోజు తెరలన్నీ చుట్టి, అద్దె వ్యాను వెనకాల వేసుకుని నాయనా నేనూ సబేటో బయలుదేరాం. మలుపు దగ్గర డ్రమ్ముల ముందు ఆపారు. ఒక కుర్ర సిపాయి వచ్చి వ్యాను వెనక్కి వెళ్ళాడు. అన్నిటికన్నా లావుగా ఉన్న చుట్టను తుపాకీ కొసతో తట్టి, విప్పమన్నాడు. నేను కిందికి దిగాను. అప్పుడు కనిపించాడు సార్జెంట్, షెడ్డు నీడలోంచి నడిచి వస్తూ. మమ్మల్ని చూసి ఆగాడు. నాయన ఆయన వైపు చూడకుండా, కుర్రవాడు చెప్పినట్టే ఆ చుట్టను రోడ్డు పక్కన గడ్డి మీద విప్పడం మొదలుపెట్టాడు.

అది యుద్ధభూమి తెర. మిట్టమధ్యాహ్నపు ఎండలో గోడ లేని ఇల్లు, వంటగది, గిన్నె పూర్తిగా విచ్చుకున్నాయి.

"ఎవరి ఇల్లు ఇది? ఎక్కడ?" కుర్రవాడి గొంతులో అనుమానం. మన ఊళ్ళో కూల్చిన ఇల్లు అనుకున్నట్టున్నాడు.

నాయన నోరు తెరిచేలోపు సార్జెంట్ ముందుకొచ్చాడు. తెర పక్కన ఒక మోకాలు మీద కూర్చున్నాడు. "లెబనాన్" అన్నాడు. ఆ తర్వాత తమ భాషలో ఆ కుర్రవాడికి చాలాసేపు చెప్పాడు. నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వలెనికూరో అన్న మాట చాలాసార్లు వినబడింది. వాళ్ళ భాషలో వంటగది అని అర్థం. కుర్రవాడు తుపాకీ భుజానికి తగిలించుకుని, వంగి ప్లేట్లు చూశాడు. ఒక ప్రశ్న అడిగాడు. సార్జెంట్ చేత్తో మూత పెడుతున్నట్టు చూపించాడు.

ఆ తర్వాత ముగ్గురు మగవాళ్ళూ కలిసి, ఎక్కడా ముడత పడకుండా, ఆ తెరను చుట్టి వ్యానులో పెట్టారు. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది.

"ఆట ఎప్పుడు భయ్యా?" అని అడిగాడు సార్జెంట్.

"రేపే. పొద్దున. సబేటో స్కూలు గ్రౌండులో" అన్నాడు నాయన. వ్యాను తలుపు మూసి, "ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురా సార్జెంట్. పగలే గదా" అన్నాడు.

మర్నాడు నేను తెర పక్కనుంచి తొంగి చూసి బిత్తరపోయాను. గ్రౌండు నిండిపోయింది. రాత్రి నాటకాలకు ఇంత జనం ఎప్పుడూ రాలేదు. రాత్రి కాపలాకు వెళ్ళేవాళ్ళు, హోటళ్ళలో రాత్రి డ్యూటీవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, చీకట్లో బయటికి పంపని ఆడపిల్లలు, అందరూ వచ్చారు. ఎక్కడో దూరాన ఉన్న నవువా ఊరి నుంచి కూడా ఒక బస్సు వచ్చింది. ఎడమపక్క, పక్క ఊరి ఫీజియన్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో పూల చొక్కా వేసుకుని సార్జెంట్, పక్కన భార్య. గ్రౌండు చివర ఇద్దరు సిపాయిలు తుపాకులతో నిలబడి ఉన్నారు.

మాస్టరు నా చెవిలో, "పాలిటిక్స్ వద్దమ్మా, నీకు దండం పెడతా" అన్నాడు. హార్మోనియం ఎత్తుకుంది.

ఒక పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్ళాను. దర్బారులో మంత్రి అడిగాడు, "ఎక్కడికి పోతున్నావు రా?" అని.

"ఎక్కడికీ లేదు" అన్నాను, ఫీజీ హిందీలో. "వీధిలో అందరి చేతుల్లో ఇదే ఉంది. నా చేయి ఖాళీగా ఉంటే బాగుండదని పట్టుకున్నా."

ఎవరూ నవ్వలేదు. తర్వాత వెనక వరసల్లో ఎవరో ముసలాయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు అంటుకుంది. నాకు ధైర్యం వచ్చింది. సూట్‌కేసు తెరిచాను. చపాతీ కర్ర పెట్టాను. పచ్చడి రుబ్బే రాయి పెట్టాను, ఎత్తలేక కూలబడ్డాను. పొరుగావిడ కంచె మీద పెట్టిన పనసకాయ పెట్టాను. మూత పడలేదు. ఎక్కి కూర్చున్నా పడలేదు. అప్పుడు లేచి, గ్రౌండు వెనక కొండ వైపు చేయి చూపించాను. పడుకున్న మనిషిలా ఉంటుందని మా దగ్గర అందరూ దాన్ని నిద్రపోయే రాక్షసుడు అంటారు.

"ఓ భయ్యా, ఆయన్ని కాస్త లేపండి! కాళ్ళు ముడుచుకుంటే ఇందులో పడతాడేమో చూద్దాం. ఆయన్ని వదిలి పోతే అక్కడ పొద్దున్నే నాకు తూర్పు ఎటో ఎట్లా తెలుస్తుంది?"

జనమంతా తలలు తిప్పి కొండను చూశారు. రోజూ చూసే కొండే. చాపల మీద వాళ్ళూ చూశారు, సిపాయిలూ చూశారు. నవ్వుతో మొదలైన చప్పుడు మధ్యలో ఎక్కడో మారింది. ముందు వరసలో ఆడవాళ్ళు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. కొండ నుంచి నా వైపు మళ్ళీ తిరిగినప్పుడు, ఇటువైపు వాళ్ళూ అటువైపు వాళ్ళూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోక తప్పలేదు, గ్రౌండు అలా ఉంది. రాత్రయితే అది జరిగేది కాదు. లాంతర్లు మమ్మల్నే చూపించేవి, వాళ్ళను చూపించేవి కావు.

అప్పుడు సార్జెంట్ భార్య లేచింది. చేతిలో పౌడరు డబ్బా. ఫీజియన్లు ఆట నచ్చితే ఆడేవాళ్ళ మెడ మీద, బుగ్గల మీద పౌడరు చల్లి గౌరవిస్తారు. ఆవిడ నింపాదిగా నడిచి వచ్చి, అప్పటికే సున్నంలా తెల్లగా ఉన్న నా మొహం మీద ఇంకా పౌడరు చల్లింది. నేను తుమ్మాను. గ్రౌండు గొల్లుమంది. "ఈ టోపీవాడికి మతి ఉంది" అని అందరికీ వినబడేలా అని, వెళ్ళి కూర్చుంది. సిపాయిల్లో ఒకడు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతున్నాడు.

చీకటి పడకముందే ముగించాం. రాజ్యం తిరిగొచ్చింది. మంగళం పాడాం. సార్జెంట్ తెరల వెనక్కి వచ్చి, యుద్ధభూమి తెర ముందు నిలబడ్డాడు.

"భయ్యా, బాగా చేశావు. ఒక్కటి తప్పు" అన్నాడు. "గిన్నె ఇంత కొత్తగా లేదు. అడుగు మసిగా ఉంటుంది. రోజూ వండే గిన్నె అది."

నాయన వెతికి నల్లరంగు తీశాడు. కుంచె ఆయన చేతికే ఇచ్చాడు. "నువ్వు చూసినావు గదా. నువ్వే పెట్టు."

సార్జెంట్ చేయి బరువైనది, బొమ్మలు అలవాటు లేని చేయి. గిన్నె అడుగున ఎక్కువ మసే పూశాడు. నాయన దాన్ని సరిచేయలేదు. ఆ వారమే సార్జెంట్ మళ్ళీ మా వరండాకు రావడం మొదలుపెట్టాడు. డ్యూటీలు, డ్రమ్ములు ఇంకా ఉన్నాయి. దేశంలో ఏదీ మా నాటకం వల్ల మారలేదు, ఆ మాట నిజం. కానీ సాయంత్రాలు మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఒక సంగతి దొరికింది.

మరుసటి ఏడు రాత్రి ఆడుకోమన్నా జట్టువాళ్ళు ఒప్పుకోలేదు. పగలే బాగుందన్నారు. ఆ తర్వాత పన్నెండేళ్ళకు మళ్ళీ అలాంటి రోజులే వచ్చాయి, మళ్ళీ సూట్‌కేసులు కదిలాయి. మళ్ళీ ఆడాం. మాస్టరు పోయాడు, నాయన పోయాడు, సార్జెంట్ పోయాడు. జట్టులో ఇప్పుడు ఆడవాళ్ళే ఎక్కువ. పద్యాలు తెలుగులో పాడగలిగేవాళ్ళం నలుగురైదుగురం మిగిలాం. మిగతావాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. సార్జెంట్ కూతురు నర్సు. కోరస్‌లో ఆమెది అందరికన్నా పెద్ద గొంతు. తెలుగు పలకడంలో ళ దగ్గర మాత్రం నాకంటే ఆమే నయం.

బఫూన్ టోపీ ఇప్పుడు నా దగ్గర లేదు. నాదీ అనే మా పక్క పట్టణంలో హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే ఒక పిల్లకు ఇచ్చేశాను. మొన్నటి నాటకానికి ముందు వచ్చి, "ఆంటీ, ఈసారి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు?" అని అడిగింది.

"నువ్వు రోజూ ఏం చూస్తున్నావు?"

"నవ్వడం ఆంటీ. ఎనిమిది గంటలు వచ్చిన ప్రతి టూరిస్టుకూ బులా బులా అని స్వాగతం చెబుతూ నవ్వడం. ఇంటికెళ్ళాక మొహం మామూలుగా రాదు."

"అయితే అది చెయ్యి."

ఆట రోజున ఆ పిల్ల నవ్వు మొహంతో స్టేజీ మీదకు వచ్చింది. రాజ్యం పోయిందన్నారు, నవ్వింది. సముద్రం ఊళ్ళోకి వస్తోందన్నారు, నవ్వింది. "రూముకి సముద్రం కావాలన్నారుగా సార్, ఇదిగో, తలుపు దగ్గరికే పంపించాం" అంది. నవ్వు ఊడి రావడం లేదని దవడ రెండు చేతులతో లాగింది. హోటల్ యూనిఫాంలో నేరుగా డ్యూటీ నుంచి వచ్చిన ఆడపిల్లలు, తెలుగు పిల్లలు, ఫీజియన్ పిల్లలు, ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నేను తెర పక్కన హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాను. నవ్వు ఆగేదాకా ఆగి, రాణి పద్యానికి శ్రుతి అందించాను.